యురికో డెక్: రెండో టర్న్‌కి దిగట్లేదు, దిగినా పైన ల్యాండే తేలుతోంది

కొండాపూర్_నింజా

అందరికీ నమస్తే. మ్యాజిక్: ద గ్యాదరింగ్ కార్డుల ఆటలో కమాండర్ ఫార్మాట్‌కి (ఒక కమాండర్ కార్డు, దానితో 99 కార్డులు) యురికో, ద టైగర్స్ షాడోని కమాండర్‌గా పెట్టి డెక్ కట్టాను. నా నింజా ఎవరికైనా కొంబాట్‌లో దెబ్బ కొడితే, యురికో వల్ల లైబ్రరీ (డెక్ కుప్ప) పైకార్డు తిప్పి చేతిలో పెట్టుకుంటాను, ఆ కార్డు మానా వాల్యూ (వెయ్యడానికి రాసి ఉన్న మొత్తం ఖర్చు) ఎంతో ప్రతి ప్రత్యర్థికీ అంత లైఫ్ పోతుంది. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు నలుగురు కూర్చునే టేబుల్స్‌లో ఆడటానికే, టోర్నమెంట్‌కి కాదు.

99 కార్డుల లెక్క ఇది: ల్యాండ్లు (మానా ఇచ్చేవి, దానితోనే కార్డుల ఖర్చు కట్టాలి) 37, బ్లాక్ చెయ్యడానికి వీల్లేని చిన్న క్రీచర్లు 9, నింజాలు 18, మానా వాల్యూ ఎక్కువున్న బరువు కార్డులు 20, మిగతావన్నీ కలిపి 15. ఆ 15లో లైబ్రరీ పైభాగాన్ని సర్దేవి మూడే.

యురికో రెండో టర్న్‌కి దిగడం అరుదు. దిగి దెబ్బ కొట్టినా పైన ల్యాండ్ వస్తుంది, ఎవరికీ ఒక్క పాయింటు కూడా పోదు. బరువు కార్డులేమో ముందే చేతిలోకి వచ్చి కూర్చుంటున్నాయి. ఇది చాలదన్నట్టు, నేను నింజుత్సు (బ్లాక్ కాని ఎటాకర్‌ని చేతికి తీసుకుని, దాని బదులు నింజాని దింపడం) చేసేలోపే అవతలివాళ్లు ఎటాకర్‌ని చంపేస్తున్నారు. ఏవి తీసెయ్యాలి, ఏవి పెట్టాలి? యురికో చచ్చిన ప్రతిసారీ కమాండర్ ట్యాక్స్ (కమాండర్‌ని మళ్లీ వేసేటప్పుడు పడే అదనపు ఖర్చు) 2 మానా కలుపుకోవాలా?

మలక్‌పేట_మానా

మొదట ఆ 9ని మార్చండి. 99 కార్డుల్లో 9 ఉంటే, మొదటి ఏడు కార్డుల్లో కనీసం ఒకటి రావడానికి అవకాశం 50 శాతం. 16 పెడితే 72 శాతం. నలుగురి ఆటలో మొదటి ములిగన్ (చేతిలోవి వెనక్కిచ్చి కొత్త ఏడు తీసుకోవడం) ఉచితం కాబట్టి, రెండు చేతులు చూసుకుంటే 16తో 92 శాతం దాకా వెళ్తుంది. 20 పెడితే ఒక్క చేతికే 81 వస్తుంది గానీ, ఆట ముదిరాక అవే చేతిలో పనికిరాకుండా పేరుకుంటాయి. నేనైతే 16 దగ్గర ఆగుతాను.

ఒక మానావి ముందు పెట్టండి: స్లిథర్ బ్లేడ్, ట్రైటన్ షోర్‌స్టాకర్, మిస్ట్-క్లోక్డ్ హెరాల్డ్, గుడుల్ లర్కర్, టార్మెంటెడ్ సోల్. ఈ అయిదింటినీ బ్లాక్ చెయ్యలేరు. ఫేరీ సీర్‌కి ఎగరడం ఉంది, దిగగానే స్క్రై 2 (పై రెండు కార్డులు చూసి, వద్దనుకున్నవి అడుక్కి పంపడం) ఇస్తుంది. దాన్ని చేతికి తిప్పుకుని మళ్లీ వేస్తే మళ్లీ స్క్రై. చేంజ్‌లింగ్ అవుట్‌కాస్ట్ మాత్రం వేరే లెక్క. చేంజ్‌లింగ్ (అన్ని రకాల క్రీచర్ల కిందా లెక్కే) కాబట్టి అది కూడా నింజానే, బ్లాక్ కాదు. యురికో టేబుల్ మీద ఉన్నప్పుడు దాన్ని వెనక్కి తీసుకోకుండా దెబ్బ కొట్టనివ్వండి, దాని దెబ్బకీ యురికో ట్రిగర్ అవుతుంది, అంటే పైకార్డు తిరుగుతుంది.

ఆర్నిథాప్టర్‌ని చాలామంది చిన్నచూపు చూస్తారు, బలం సున్నా అని. ఈ డెక్‌లో దానికి బలం అక్కర్లేదు. రెండో టర్న్‌లో స్లిథర్ బ్లేడ్‌ని చేతికి తీసుకుంటే ఉన్న రెండు మానా యురికోకే అయిపోతాయి. బ్లేడ్‌ని మూడో టర్న్‌లో మళ్లీ వెయ్యాలి, వేసిన టర్న్‌లో అది ఎటాక్ చెయ్యలేదు. ఆర్నిథాప్టర్ అయితే కొంబాట్ అయిపోయాక రెండో మెయిన్ ఫేజ్‌లోనే ఉచితంగా మళ్లీ దిగుతుంది, మూడో టర్న్‌కి ఎటాక్‌కి సిద్ధంగా ఉంటుంది. ఒక టర్న్ మొత్తం మిగులు.

ల్యాండ్లు 33 చాలు. సంఖ్య కంటే ముఖ్యమైనది రెండో టర్న్‌కి నీలం, నలుపు రెండూ, ట్యాప్ కాకుండా (అంటే వెంటనే వాడుకునేలా) దొరకడం. ట్యాప్ అయి దిగే ల్యాండ్ రెండో టర్న్‌లో వచ్చిందంటే యురికో ఒక టర్న్ వెనకబడినట్టే. కమాండ్ టవర్, మార్ఫిక్ పూల్, వాటరీ గ్రేవ్, అండర్‌గ్రౌండ్ రివర్‌లతో మొదలుపెట్టండి. మార్ఫిక్ పూల్ ఇద్దరు లేదా అంతకంటే ఎక్కువమంది ప్రత్యర్థులుంటే ట్యాప్ కాకుండానే దిగుతుంది.

నింజాలు 12కి తగ్గించండి. ఇంజీనియస్ ఇన్‌ఫిల్ట్రేటర్, మూన్-సర్క్యూట్ హ్యాకర్, నింజా ఆఫ్ ద డీప్ అవర్స్, ప్రాస్పరస్ థీఫ్, మిస్ట్‌బ్లేడ్ షినోబి, ఫాలెన్ షినోబి ఉండాల్సిందే. ఇంక్-ఐస్‌కి నింజుత్సు 5 మానా, అంత పెట్టే టర్న్‌లో ఇంకే పనీ చెయ్యలేరు. సిల్వర్-ఫర్ మాస్టర్ నింజుత్సు ఖర్చు 1 తగ్గిస్తాడు కదా అని యురికో ఒక్క మానాకే వస్తుందనుకోవద్దు. ఆమె ఖర్చు నీలం ఒకటి, నలుపు ఒకటి, అందులో తగ్గించడానికి రంగులేని భాగమే లేదు. మిగతా నింజాలకి మాత్రం ఆ తగ్గింపు బాగా పనికొస్తుంది.

స్టాక్_సికింద్రాబాద్

ట్యాక్స్ సంగతి ముందు జెప్త తమ్మీ. కమాండర్ నింజుత్సుకు ట్యాక్స్ లేదు. అది యాక్టివేటెడ్ ఎబిలిటీ, కార్డును క్యాస్ట్ చేసుడు కాదు. పదిసార్లు సచ్చినా నీలం ఒకటి, నలుపు ఒకటి, అంతే. కమాండ్ జోన్ల (కమాండర్ కార్డు ఉండే జాగ) నుంచి మూడు మానాకు మామూలుగ క్యాస్ట్ చేస్తెనే ట్యాక్స్ లెక్క మొదలైతది, అందుకే అట్ల చెయ్యకు. క్యాస్ట్ కాదు గనుక మామూలు కౌంటర్‌స్పెల్ (క్యాస్ట్ చేసిన కార్డును ఆపేది) కూడ పనిజెయ్యదు. చేతిల నుంచి తప్ప ఇంకెక్కడి నుంచీ క్యాస్ట్ చెయ్యనియ్యని డ్రాన్నిత్ మెజిస్ట్రేట్ ఉన్నా యురికో దిగుతది. కంటైన్‌మెంట్ ప్రీస్ట్ ఉంటె మాత్రం కష్టం, క్యాస్ట్ చెయ్యకుంట దిగిన క్రీచర్‌ను అది ఎగ్జైల్ చేస్తది, అంటే ఆటల నుంచే తీసేస్తది. దాన్ని జూడంగనే రిమూవల్ (క్రీచర్‌ను చంపే కార్డు) వాడు.

ఇగ నీ ఎటాకర్ ఎందుకు సస్తుందో చూద్దాం. ఎటాక్ ప్రకటించినంక, బ్లాకర్లు ప్రకటించకముందు, అవతలోళ్లకు ప్రయారిటీ (కార్డు వాడే వంతు) వస్తది. తెలిసినోళ్లు ఆడనే చంపుతరు. ఆ టైముల నువ్వు నింజుత్సు చెయ్యలేవు, ఎందుకంటే బ్లాకర్లు ప్రకటించేదాక ఏ ఎటాకర్ కూడ "అన్‌బ్లాక్డ్" కాదు. బ్లాకర్లు అయిపోయినంక మొదటి ప్రయారిటీ నీదే. అప్పుడు నింజుత్సు చేస్తె ఎటాకర్‌ను చేతికి తీసుకునుడు ఖర్చు కిందికొస్తది, దానికి ఎవ్వరూ అడ్డం రాలేరు.

అందుకని ఒక్క ఎటాకర్‌తోని పోకు. ఇద్దరిని ఇద్దరు వేర్వేరు ప్రత్యర్థుల మీదికి పంపు. ఒకటి సచ్చినా ఇంకోటి ఉంటది. యురికో దిగినంక దెబ్బ పడకముందే ఆమెను చంపినా, రెండో ఎటాకర్ అన్‌బ్లాక్డ్‌గ ఉండి ఇంకో రెండు మానా ఉంటె మళ్ల దింపొచ్చు. నింజా ఎవల మీద దిగుతదంటే, చేతికొచ్చిన క్రీచర్ ఎవల మీద ఎటాక్ జేసిందో ఆళ్ల మీదనే. మధ్యల మార్చే వీలుండదు, ఎటాక్ ప్రకటించేటప్పుడే ఆలోచించుకోవాలె.

ఇంకో మాట. నింజుత్సు చేసే ముందు "బ్లాకర్లు ఉన్నయా?" అని గట్టిగ అడిగి జవాబు విను. టేబుల్ మీద సగం గొడవలు ఈ ఒక్క మాట అడగకనే అయితయి.

కొండాపూర్_నింజా

ట్యాక్స్ విషయం తెలియక ఇన్నాళ్లూ కలిపి కడుతున్నాను, ధన్యవాదాలు అన్నా. బరువు కార్డులు 20 నుంచి ఎన్నికి తగ్గించాలి? వాటిని తగ్గిస్తే యురికో దెబ్బ కూడా తగ్గదా?

పైకార్డు_పద్మారావునగర్

తగ్గదు, పెరుగుతుంది. లెక్క వేసి చూడండి. 33 ల్యాండ్లు, 16 చిన్నవి, 12 నింజాలు, 14 బరువు కార్డులు, పైకార్డు సర్దేవి 14, కౌంటర్లు రిమూవల్ 10 అనుకుందాం. చూడకుండా తిప్పితే సగటున ఒక్కో ట్రిగర్‌కి 2.4 చొప్పునే పోతుంది. బరువు కార్డులు ఇంకో ఆరు కలిపినా సగటు 3 దాటదు. అదే బ్రెయిన్‌స్టార్మ్‌తో టెంపోరల్ ట్రెస్పాస్‌ని పైన పెట్టి తిప్పితే ప్రతి ప్రత్యర్థికీ 11, ముగ్గురికీ కలిపి 33. అందరూ 40 లైఫ్‌తో మొదలవుతారు, పది చొప్పున నాలుగుసార్లు తిప్పితే ముగ్గురూ ఒకేసారి అయిపోతారు. మీ డెక్‌లో కొరత బరువు కార్డులది కాదు, సర్దే కార్డులది. మూడు నుంచి పధ్నాలుగుకి తీసుకెళ్లండి.

బ్రెయిన్‌స్టార్మ్, పాండర్, ప్రీఆర్డెయిన్, సెన్సేస్ డివైనింగ్ టాప్, స్క్రోల్ ర్యాక్, మిస్టికల్ ట్యూటర్, వ్యాంపైరిక్ ట్యూటర్, లిమ్-డూల్స్ వాల్ట్, వీటితో మొదలుపెట్టండి. బ్రెయిన్‌స్టార్మ్, స్క్రోల్ ర్యాక్ ప్రత్యేకం, చేతిలో ఇరుక్కున్న డ్రాకో లాంటి బరువు కార్డుని మళ్లీ పైకి పంపేది అవే.

ట్యూటర్ (కావాల్సిన కార్డుని డెక్‌లో వెతికి తెచ్చేది) వాడే సమయం చాలామందికి తప్పుతుంది. కొంబాట్‌కి ముందే వ్యాంపైరిక్ వేస్తే ఏదో వస్తోందని అందరికీ తెలిసిపోతుంది, నింజాని చంపేస్తారు, మీ కార్డు పైనే ఉండిపోతుంది. దెబ్బ పడి, యురికో ట్రిగర్ స్టాక్ (ఇంకా తీరని వాటి వరుస) మీదికి వచ్చాక, దానికి స్పందనగా వెయ్యండి. అప్పుడు నింజాని చంపినా ట్రిగర్ ఆగదు. ఇద్దరు నింజాలు ఒకేసారి దెబ్బ కొడితే రెండు ట్రిగర్లు విడివిడిగా తీరుతాయి, మొదటిదానికీ రెండోదానికీ మధ్య బ్రెయిన్‌స్టార్మ్ వేసుకోవచ్చు. పైన సర్దిపెట్టిన తర్వాత మాత్రం ఇవాల్వింగ్ వైల్డ్స్ లాంటి, డెక్‌లో వెతికే ల్యాండ్‌ని వాడకండి, షఫుల్ అయి అంతా పోతుంది.

బరువు కార్డుల ఎంపికలో నా నియమం ఒకటే: ఆ కార్డుకి ఇంకో పని ఉండాలి. లోరియెన్ రివీల్డ్ వాల్యూ 5, ఒక్క మానాకి ఐలాండ్ తెచ్చుకోవచ్చు. ట్రోల్ ఆఫ్ ఖజాద్-దూమ్ వాల్యూ 6, అదే విధంగా స్వాంప్ తెస్తుంది. సీ గేట్ రెస్టొరేషన్ చేతిలో ల్యాండ్‌గా వాడుకోవచ్చు, పైన తేలితే 7. కమిట్, మెమరీ రెండు భాగాల కార్డుకి లైబ్రరీలో రెండు ఖర్చులూ కలిసి 10 అవుతుంది, ఆడేటప్పుడు మాత్రం కమిట్ 4 మానాయే. ట్రెజర్ క్రూజ్, డిగ్ త్రూ టైమ్ చెరో 8, డెల్వ్‌తో (మీ గ్రేవ్‌యార్డ్‌లోని వాడేసిన కార్డులని ఖర్చు కింద తీసేసి) చవకగా వేస్తారు. కర్టెన్స్ కాల్ వాల్యూ 6, ముగ్గురు ప్రత్యర్థులుంటే 3 మానాకి ఇద్దరు క్రీచర్లని చంపుతుంది. ఫోర్స్ ఆఫ్ విల్ 5. షాడో ఆఫ్ మోర్టాలిటీ వాల్యూ 15, మీ లైఫ్ తగ్గేకొద్దీ దాని ఖర్చూ తగ్గుతుంది. వెయ్యడానికి వీలుకాని డ్రాకో (16), బ్లింక్‌మాత్ ఇన్ఫ్యూజన్ (14) లాంటివి రెండుకి మించి వద్దు.

టెంపోరల్ మాస్టరీ (7) పెడితే ఒకటి గుర్తుంచుకోండి. యురికో ఆ కార్డుని చేతిలో "పెడుతుంది", డ్రా చెయ్యదు. కాబట్టి మిరాకిల్ (డ్రా చేసిన వెంటనే తక్కువ ఖర్చుకి వేసే వీలు) పనిచెయ్యదు. ఖర్చులో X (వేసేవాళ్లు ఎంచుకునే అంకె) ఉన్న కార్డుల్లో X లైబ్రరీలో సున్నా, అగాడీమ్స్ అవేకెనింగ్ తేలితే 3 మాత్రమే. ఇక అదనపు టర్న్ ఇచ్చే కార్డులు పెడితే ఆట మొదలయ్యే ముందే టేబుల్‌కి చెప్పడం మర్యాద.

మలక్‌పేట_మానా

ఖర్చు గురించి ఒక మాట కలుపుతాను. స్క్రోల్ ర్యాక్, ఫోర్స్ ఆఫ్ విల్, వ్యాంపైరిక్ బయటి నుంచి తెప్పిస్తే కార్డు ధర మీద షిప్పింగ్, కస్టమ్స్ కూడా పడతాయి. సరదా టేబుల్‌లో అందరూ ఒప్పుకుంటే ప్రాక్సీలు (కాగితం మీద ప్రింట్ చేసిన నకళ్లు) వాడండి. అమీర్‌పేటలో ఏ కలర్ ప్రింట్ షాపులోనైనా వస్తాయి, కొలత 63 × 88 మిల్లీమీటర్లు, ప్రింట్ స్కేల్ 100 శాతం అని ముందే చెప్పాలి. పేజీకి సరిపోయేలా సర్దే ఆప్షన్ ఆన్‌లో ఉంటే కార్డు చిన్నదై వస్తుంది. ఆ కాగితాన్ని స్లీవ్‌లో మామూలు ల్యాండ్ కార్డు ముందు పెట్టండి, దళసరి తేడా పెద్దగా తెలియదు.

స్లీవ్స్ వెనక భాగం పూర్తిగా రంగున్నదే కొనండి, లేకపోతే సీ గేట్ రెస్టొరేషన్ లాంటి రెండు ముఖాల కార్డు వెనక నుంచి తెలిసిపోతుంది. వానాకాలంలో ఫాయిల్ కార్డులు విల్లులా వంగుతాయి. కాగితపు పొర తేమ పీల్చుకుంటుంది, పైనున్న రేకు పొర పీల్చుకోదు. వేరే డెక్‌లో అది చూడ్డానికే ఇబ్బంది, ఇందులో మాత్రం పైకార్డు ఏమిటో అందరికీ ముందే తెలిసిపోతుంది. బరువు కార్డులన్నీ ఫాయిల్ కానివే తీసుకోండి.