వర్చువల్ మెషీన్‌లో డిస్కు నిండిపోయింది: డేటా పోకుండా సైజు పెంచడం ఎలా?

ప్రశ్న (గాజువాక నుంచి)

అందరికీ నమస్కారం. నేను ఆటోనగర్‌లో ఒక చిన్న లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో లెక్కలు రాస్తాను. అక్కడి కంప్యూటర్ల బాగోగులు కూడా నేనే చూసుకుంటాను. విండోస్ 10 ఉన్న డెస్క్‌టాప్‌లో వర్చువల్‌బాక్స్ (ఒక కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌ను, అంటే వర్చువల్ మెషీన్‌ను, నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టి, అందులో ఉబుంటు సర్వర్ 22.04 అనే లైనక్స్ నడుపుతున్నాం. లోడు రసీదులు, ఈ-వే బిల్లులు, సరుకు అందినట్టు పార్టీ సంతకం చేసి పంపే కాగితాలు అన్నీ స్కాన్ చేసి అందులో దాచుకుంటాం. వాటి వివరాలు మారియాడీబీ అనే డేటాబేస్‌లో ఉంటాయి.

నిన్న సాయంత్రం ఒక రసీదు ఎక్కిస్తుండగా “నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్” అని వచ్చి ఆగిపోయింది. డిస్కులో చోటు చూపించే “డీఎఫ్ -హెచ్” కమాండ్ కొట్టి చూస్తే రూట్ (ఉబుంటు ఫైళ్లు ఉండే ప్రధాన భాగం) సైజు 19 జీబీ, వాడినది 18 జీబీ, మిగిలినది 0, వాడుక 100 శాతం అని చూపిస్తోంది. వర్చువల్‌బాక్స్ సెట్టింగుల్లో మాత్రం డిస్కు 40 జీబీ అనే ఉంది. మిగతాది సిస్టమ్ కోసం పోయి ఉంటుందని అనుకున్నాను.

దాన్ని 80 జీబీ చేయాలన్నది నా ఆలోచన. విండోస్ సీ డ్రైవ్‌లో 70 జీబీ ఖాళీ ఉంది. వీడీఐ ఫైలు (మెషీన్ డిస్కు విండోస్‌లో ఉండే ఫైలు) డైనమిక్ రకం, అంటే వాడేకొద్దీ పెరిగేది. కొన్ని నెలల క్రితం అప్‌డేట్ చేసే ముందు తీసిన స్నాప్‌షాట్ (మెషీన్ ఆనాటి స్థితిని దాచి ఉంచినది) ఒకటి అలాగే ఉంది. నా భయమల్లా ఒక్కటే: సంతకమైన కాగితం చూపించకపోతే పార్టీల దగ్గర కిరాయి వసూలు కాదు, అసలు కాగితాలు బిల్లుతో పాటు వాళ్లకే ఇచ్చేస్తాం కాబట్టి మా దగ్గర మిగిలేది స్కాన్ ఒక్కటే. అవి పోతే మళ్లీ తెచ్చుకునే దారి లేదు. ఏ వరుసలో చేయాలో తెలిసినవారు చెప్పగలరు.

జవాబు (మద్దిలపాలెం నుంచి)

ముందు నకలు తీయండి, తర్వాతే మిగతావి. మెషీన్‌ను పూర్తిగా షట్‌డౌన్ చేసి (సేవ్ స్టేట్ చాలదు), వీడీఐ ఫైలును ఒక్కదాన్నే కాకుండా, స్నాప్‌షాట్ల ఫోల్డర్‌తో సహా ఆ మెషీన్ ఫోల్డర్ మొత్తాన్ని బయటి హార్డ్ డిస్కులోకి కాపీ చేసుకోండి. ఆ డిస్కును ఆఫీసులోనే ఉంచకుండా ఇంటికి తీసుకెళ్లండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటిన రోజు మా ఇంట్లో కంప్యూటరూ, దాని పక్కనే టేబుల్ మీద పెట్టిన బ్యాకప్ డిస్కూ కిటికీ పగిలి వచ్చిన వాన నీటికి కలిసే తడిసిపోయాయి. అప్పటి నుంచి రెండింటినీ ఒకే కప్పు కింద ఉంచడం మానేశాను.

ఇక స్నాప్‌షాట్ సంగతి. అది ఉన్నంతకాలం మీ మెషీన్ రాస్తున్నది మూల వీడీఐలోకి కాదు, దాని మీద ఏర్పడిన తేడా ఫైలులోకి. అందుకే మూల ఫైలు సైజు పెంచినా లోపల పాత సైజే కనిపించిందని చాలామంది తికమకపడుతుంటారు. ముందుగా స్నాప్‌షాట్‌ను డిలీట్ చేయండి. ఆ మాట చూసి కంగారు పడవద్దు. డిలీట్ అంటే తేడాలన్నీ మూల ఫైలులో కలిసిపోవడమే, ఇప్పటి స్థితి చెక్కు చెదరదు. ప్రమాదమంతా రీస్టోర్ మీటతోనే ఉంది: అది నొక్కితే స్నాప్‌షాట్ తీసిన రోజుకి వెనక్కి వెళ్లిపోయి, ఆ తర్వాత ఎక్కించిన రసీదులన్నీ పోతాయి.

ఆ తర్వాత విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో “వీబాక్స్‌మేనేజ్ మోడిఫైమీడియం డిస్క్” అని, వీడీఐ ఫైలు ఉన్న దారి రాసి, చివర రెండు గీతలతో “రీసైజ్ 81920” అని ఇవ్వాలి. అక్కడ లెక్క మెగాబైట్లలో ఉంటుంది. 80 జీబీ అంటే 81920 ఎంబీ. ఒకసారి పెంచిన దాన్ని ఇదే కమాండ్‌తో తగ్గించడం కుదరదు కనుక అంకె రెండుసార్లు సరిచూసుకోండి.

జవాబు (సీతమ్మధార నుంచి)

పై జవాబులోని జాగ్రత్తలన్నీ పాటించవలసినవే. అయితే ప్రశ్న చదువుతూ నేను 19 అనే అంకె దగ్గర ఆగిపోయాను. మీరు డిస్కు పెంచవలసిన అవసరమే ఇప్పుడు లేకపోవచ్చు.

ఉబుంటు సర్వర్‌ను డిఫాల్ట్ సెట్టింగులతో ఇన్‌స్టాల్ చేస్తే అది ఎల్‌వీఎం పద్ధతి (డిస్కు చోటును ఒక గుంపుగా చేసి, అందులోంచి కావలసినంత పంచడం) వాడుతుంది. డిస్కులో బూట్ కోసం సుమారు 2 జీబీ పక్కన పెట్టి, మిగిలినదంతా ఒక వాల్యూమ్ గ్రూప్‌గా కడుతుంది. కానీ 20 నుంచి 200 జీబీ మధ్య ఉన్న గ్రూప్‌లో సగాన్ని మాత్రమే రూట్‌కు ఇచ్చి, తక్కిన సగాన్ని ముందు ముందు స్నాప్‌షాట్లకో, రూట్‌ను పెంచుకోవడానికో ఖాళీగా వదిలేస్తుంది. మీ 40 జీబీలోంచి 2 తీసేస్తే 38, అందులో సగం 19. సిస్టమ్ మింగేసిందని మీరు అనుకున్న చోటు, నాకు తోచినంతలో, ఎవరూ వాడకుండా అలాగే పడి ఉంది. ప్రహరీ లోపల సగం స్థలం ఖాళీగా ఉండగా పక్క స్థలం కొనడానికి బయల్దేరినట్టు కాకూడదు కదా.

దయచేసి “ఎల్‌ఎస్‌బీఎల్‌కే”, ఆ తర్వాత “సుడో వీజీఎస్” (సుడో అంటే నిర్వాహకుడి అధికారంతో నడపడం) కొట్టి, ఏం వచ్చిందో ఇక్కడ రాయండి. ఈ రెండూ చూపించడమే తప్ప దేన్నీ మార్చవు.

ప్రశ్న అడిగినవారు

ఇప్పుడే చూశాను. ఎస్‌డీఏ (మొత్తం డిస్కు) 40 జీబీ, అందులో బూట్ ఉన్న విభాగం ఎస్‌డీఏ2 2 జీబీ, ఎస్‌డీఏ3 అనే విభాగం 38 జీబీ, దాని కింద రూట్ ఉన్న ఉబుంటు-ఎల్‌వీ 19 జీబీ. వీజీఎస్‌లో వీఫ్రీ (ఖాళీ చోటు) అనే గడి కింద 19 జీబీ అని ఉంది. అచ్చం మీరు చెప్పినట్టే ఉందండీ. అంటే సగం డిస్కు ఇన్నాళ్లూ ఊరికే ఉందా? దాన్ని కలుపుకోవడానికి మెషీన్ ఆపాలా?

జవాబు (సీతమ్మధార నుంచి)

ఆపనక్కర లేదు. ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ (డిస్కులో ఫైళ్లను అమర్చే ఒక పద్ధతి) నడుస్తుండగానే పెరుగుతుంది. అయినా నకలు తీశాకే మొదలుపెట్టండి, ఆ సమయానికి డెస్క్‌టాప్ యూపీఎస్ మీద ఉండేలా చూసుకోండి.

రూట్ పూర్తిగా నిండినప్పుడు ఒక చిక్కు ఎదురు కావచ్చు. మార్పు చేసే ముందు ఎల్‌వీఎం తన పాత వివరాల నకలును ఈటీసీ ఫోల్డర్ కింద రాసుకుంటుంది. అక్కడ చోటు లేకపోతే పని మధ్యలోనే మొరాయిస్తుంది. మీ 19లో 18 మాత్రమే వాడినా 0 చూపించడానికి కారణం, ఈఎక్స్‌టీ4 మామూలుగా 5 శాతం చోటును రూట్ యూజర్ (సిస్టమ్ నిర్వాహకుడి ఖాతా) కోసం అట్టిపెట్టడం. డేటాబేస్‌కు ఆ వాటా అందదు గానీ సుడోతో నడిపే కమాండ్లకు అందుతుంది. అయినా ముందు కొంత ఖాళీ చేసుకోవడం మేలు. “సుడో ఏపీటీ క్లీన్” కొడితే దింపుకున్న ప్యాకేజీల ఫైళ్లు పోతాయి; “సుడో జర్నల్‌సీటీఎల్” పక్కన రెండు గీతలతో “వ్యాక్యూమ్-సైజ్=200ఎం” ఇస్తే పాత లాగ్ ఫైళ్లు (సిస్టమ్ తన పనుల గురించి రాసుకునేవి) తగ్గుతాయి. మారియాడీబీ ఫోల్డర్లో పెద్దగా కనిపించిన ఫైళ్లను మాత్రం చేత్తో తీసేయకండి.

తర్వాత అసలు పని. “సుడో ఎల్‌వీఎక్స్‌టెండ్ -ఆర్ -ఎల్ +100%ఫ్రీ” అని, చివర డెవ్ కింద ఉన్న ఉబుంటు-వీజీలోని ఉబుంటు-ఎల్‌వీ దారి ఇవ్వండి. ఆర్, ఎల్ రెండూ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. అందులో -ఆర్ చాలా ముఖ్యం. అది లేకపోతే లాజికల్ వాల్యూమ్ (ఉబుంటు-ఎల్‌వీ) పెరుగుతుంది గానీ దానిలోని ఫైల్‌సిస్టమ్ పాత సైజులోనే ఉండిపోతుంది, డీఎఫ్‌లో ఏ మార్పూ కనిపించదు. అలా అయితే “రీసైజ్2ఎఫ్‌ఎస్” విడిగా నడపవలసి వస్తుంది. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్‌సిస్టమ్ వాడేవారికి కమాండ్ వేరు, “ఎక్స్‌ఎఫ్‌ఎస్_గ్రోఎఫ్‌ఎస్”.

ఎప్పుడైనా వీడీఐనే పెంచవలసి వస్తే, ఈ ఎల్‌వీఎక్స్‌టెండ్ కంటే ముందు రెండు మెట్లు అదనంగా ఉంటాయి. “గ్రోపార్ట్”కు డెవ్ కింద ఎస్‌డీఏ అని రాసి, ఒక ఖాళీ వదిలి 3 అని ఇస్తే విభాగం పెరుగుతుంది. “పీవీరీసైజ్”కు ఎస్‌డీఏ3 ఇస్తే ఆ పెంపు ఎల్‌వీఎంకు తెలుస్తుంది. మొదటి దానిలో ఎస్‌డీఏకీ 3కీ మధ్య ఖాళీ వదలాలి, రెండో దానిలో కలిపి రాయాలి. సాధారణంగా తప్పు జరిగేది అక్కడే.

ప్రశ్న అడిగినవారు

నిన్న రాత్రి ఆఫీసు మూసేశాక మెషీన్ ఆపి, ఫోల్డర్ మొత్తం బయటి డిస్కులోకి కాపీ చేసి, మళ్లీ ఆన్ చేశాక మీరు చెప్పిన వరుసలోనే చేశాను. ఎల్‌వీఎక్స్‌టెండ్ కొన్ని క్షణాల్లోనే పూర్తయింది. ఇప్పుడు డీఎఫ్‌లో సైజు 38 జీబీ, వాడుక 50 శాతం దగ్గర చూపిస్తోంది. మొన్న ఆగిపోయిన రసీదును మళ్లీ ఎక్కించి, తెరిచి, సంతకమూ ముద్రా స్పష్టంగా ఉన్నాయో లేదో కూడా చూసుకున్నాను. నకలు తీసిన డిస్కు ఇంట్లో బీరువాలో ఉంది. ఇద్దరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు. స్నాప్‌షాట్‌ను ఈ ఆదివారం తీసేస్తాను.

జవాబు (మద్దిలపాలెం నుంచి)

చాలా సంతోషమండీ. 19 అనే అంకెను నేను పట్టించుకోలేదు. సీతమ్మధార వారి జవాబు చదివాక నా దగ్గరున్న రెండు సర్వర్లలో వీజీఎస్ కొట్టి చూస్తే, ఒకదానిలో సగం చోటు అలాగే ఉంది.

మీకు ఒక సూచన. ఇక మీదట చోటు చాలకపోయినా వీడీఐని 80కి పెంచవద్దు. అది ఇప్పుడు విండోస్‌లో సుమారు 20 జీబీ తీసుకుంటోందనుకుంటే, 80 దాకా పెరిగేసరికి ఇంకో 60 కావాలి. సీ డ్రైవ్‌లో మీకు మిగిలేది 10. డైనమిక్ ఫైలు మొదట్లో చోటు అడగదు, నెమ్మదిగా పెరుగుతూ పోతుంది. విండోస్ డ్రైవ్ నిండిన రోజున వర్చువల్‌బాక్స్ మెషీన్‌ను ఉన్నపళంగా పాజ్‌లో పెట్టేస్తుంది. దానికి బదులు డెస్క్‌టాప్‌లో ఇంకో హార్డ్ డిస్కు పెట్టించి, అందులో రెండో వర్చువల్ డిస్కు తయారుచేసి, స్కాన్లను దానిలోకి మార్చండి. ఎఫ్‌స్టాబ్‌లో (మెషీన్ ఆన్ అయినప్పుడు ఏ డిస్కులు కలుపుకోవాలో చెప్పే ఫైలు) దాన్ని ఎస్‌డీబీ అనే పేరుతో కాకుండా యూయూఐడీతో (మారని గుర్తింపు సంఖ్య) రాయండి, డిస్కుల వరుస మారినా ఇబ్బంది రాదు. స్నాప్‌షాట్ తీసేసేటప్పుడు ఫైళ్లు కలవడానికి సీ డ్రైవ్‌లో తాత్కాలికంగా కొంత చోటు, కొంత సమయం పడుతుంది. అది పూర్తయ్యే వరకు మధ్యలో ఆపవద్దు.