నెల్లూరు చేపల పులుసుకు కట్టెల పొయ్యి తప్పనిసరా?

పెన్నాగట్టు:
ఒంగోలు నుంచి నెల్లూరుకు 16వ నంబరు జాతీయ రహదారి మీద వస్తుంటే ‘కట్టెల పొయ్యి మీద వండిన చేపల పులుసు’ అనే బోర్డులు కనిపిస్తూనే ఉంటాయి. ఆ మాట రాసినందుకే ధర కూడా కాస్త పెరుగుతుంది. ఇంట్లో గ్యాసు మీద వండేవాళ్లు కూడా ‘అమ్మమ్మ కట్టెల పొయ్యి మీద చేసిన రుచి రావడం లేదు’ అని నిట్టూరుస్తుంటారు. కట్టె నిజంగా అంత పని చేస్తుందా?

నా మాట ముందే చెప్పేస్తాను. పులుసు రుచికి పొగతో ఏ సంబంధమూ లేదు. మట్టి దాక, దించాక కూడా ఆరని సెగ, రాత్రంతా నిలవ ఉండటం, ఈ మూడే దాని రహస్యం. పులుసు నీళ్లలో ఉడికే వంట, దాదాపు 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. అడుగున మండేది సరుగుడు కట్టో గ్యాసో లోపలి కొరమీను ముక్కకు తెలియదు.

మన పద్ధతి చూడండి. చింతపండు రసం తెర్లాక ముక్కలు వేస్తాం. మెంతులు, ఆవాలు, ధనియాలు, జీలకర్ర వేయించి కొట్టిన పొడి చల్లుతాం. ముక్క విరగకుండా గరిటె పక్కన పెట్టి, మసిగుడ్డతో దాక అంచులు పట్టుకుని అటూ ఇటూ తిప్పుతాం. మామిడికాయ ముక్కలు పడేసరికి పుల్లలు బయటికి లాగేస్తాం. అక్కడి నుంచి వంట చేసేది నిప్పులు, దాక. మట్టి నెమ్మదిగా వేడెక్కి నెమ్మదిగా చల్లారుతుంది కాబట్టి దించిన తర్వాత కూడా పులుసు కాసేపు కుతకుతమంటూనే ఉంటుంది, నూనె పైకి తేలుతుంది. తెల్లారేసరికి ఉప్పు, పులుపు ముక్క లోపలికి దిగుతాయి. దాక కింద ఇనుప పెనం పెట్టి మంట సన్నగా ఉంచితే గ్యాసు మీద కూడా ఇదంతా జరుగుతుంది.

కనిగిరివాసి:
కనిగిరి మనిషికి చేపల పులుసుతో ఏమి పని అని నవ్వకండి. కొరమీనుకు సముద్రం అక్కరలేదు, చెరువు చాలు.

గ్యాసు మంట ఎంత తగ్గించినా దాక అడుగున ఒక్క చోటే తగులుతుంది. పొయ్యిలో సెగ దాక నడుము దాకా ఎగబాకుతుంది, పక్కల నుంచి కూడా ఉడికిస్తుంది. పెనం పెట్టినా ఆ పక్క సెగ రాదు. ఇక పొగ సంగతి. పులుసు చాలాసేపు మూత లేకుండానే మరుగుతుంది. పొగ చుట్టూ తిరుగుతూ లోపలికి మాత్రం దిగదంటే ఎలా నమ్మాలి? పొయ్యి మీద కాచిన పాలు ఒక గుక్క తాగి చూడండి, నాలుకే చెబుతుంది.

మసిగుడ్డ:
కనిగిరివాసి గారూ, పాల మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నాను. పాలు పొగచూరితే మా అత్తగారు కాఫీకి పనికిరావని పక్కన పెట్టేవారు. అన్నం పొగచూరితే వడ్డించే కోడలికి నాలుగు మాటలు పడేవి. పచ్చి కట్టె పెట్టినవాళ్లకే పొగ వస్తుంది. వంట తెలిసిన ఆడవాళ్లు ఎండు కట్టె ఏరి, పొయ్యిలో గాలి ఆడేలా పేర్చి, పొగ రాకుండానే వండేవారు. ఒకప్పుడు వంటలో తప్పుగా లెక్కపెట్టిన దానికి ఇప్పుడు రోడ్డు పక్కన డబ్బిచ్చి మరీ తింటున్నాం.

రుచి రావాలంటే దాలి ఉండేది. పెరట్లో గుంట తీసి, పిడకలు రాజేసి, పాలకుండ అందులో కూర్చోబెడితే సాయంత్రానికి పాలు ఎర్రగా కాగి మందంగా మీగడ కట్టేవి. అందులో గొప్పతనం నిదానపు సెగది. ఈ విషయంలో నేను పెన్నాగట్టు గారి వైపే.

అయితే ఆయన కూడా అడగని మాట ఒకటుంది. ఆ పొయ్యి ముందు కూర్చునేది ఎవరు? ఇళ్లలో వంట పొగ, దాని వల్ల పాడైన గాలి కారణంగా 2020లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 32 లక్షల మంది చనిపోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఊదుగొట్టం పట్టి కళ్లు ఎర్రబడేలా ఊదినవాళ్లు, గిన్నె అడుగున తడి మట్టి పూసి పొయ్యి మీద పెట్టి, తర్వాత మసి తోమినవాళ్లు అమ్మమ్మ పులుసు గురించి ఇంత ముచ్చటగా రాయడం నేను చూడలేదు.

ఉలవపాడు తోట:
(మా మండలాన్ని 2022లో ప్రకాశం నుంచి నెల్లూరు జిల్లాలో కలిపారు కాబట్టి ఈ పులుసు మీద మాట్లాడే హక్కు నాకూ ఉంది. మామిడికాయ లేని పులుసు గురించి అయితే మాట్లాడను.)

పెన్నాగట్టు గారి వాదన పులుసు వరకే నిలుస్తుంది. నిప్పు నేరుగా తగిలే వంటల దగ్గర అది పనికిరాదు. కట్టెలో లిగ్నిన్ అనే పదార్థం ఉంటుంది. అది కాలినప్పుడు పుట్టే గ్వాయకోల్ వంటి వాటిదే మనం పొగ వాసన అనేది. గ్యాసులో లిగ్నిన్ లేదు. కాబట్టి పచ్చడికి వంకాయను గ్యాసు మంట మీద కాలిస్తే తొక్క మాడిన వాసన వస్తుంది కానీ కట్టె వాసన రాదు. ఎండుచేపను నిప్పుల మీద కాల్చి, చిదిమి, పచ్చి ఉల్లిపాయతో నలిపి చూడండి. అదే చేపను పెనం మీద వేయించి చూడండి. ఒకే చేప అంటే ఎవరూ నమ్మరు.

ఇక్కడ ఇంకో సంగతి చాలామంది గమనించరు. కట్టె బాగా కాలి నిప్పులైపోయాక అందులో పొగ పెద్దగా మిగలదు. అప్పుడు వాసన ఇచ్చేది మాడే తొక్క, నిప్పు మీద పడి చుర్రుమనే రసం, కొవ్వు. దాకలోంచి నిప్పు మీద పడేదేమీ లేదు కదా. అందుకే నిప్పుల మీద మగ్గిన పులుసులో కట్టె వాసన వెతకడం దండగ.

కనిగిరివాసి:
ఎండుచేప దగ్గర ఒప్పుకున్నారు, సంతోషం. మిగతాది కూడా మెల్లగా ఒప్పుకుంటారు.

మసిగుడ్డ గారూ, మీ కోపం అర్థమైంది. కానీ మా వైపు ఇళ్ల లెక్క వేరు. చెరువు కట్ట మీద, బీడు మీద ఎక్కడ చూసినా సర్కారు తుమ్మే. కొట్టుకున్నవాడికి కొట్టుకున్నంత, పైసా ఖర్చు లేదు. దీపం 2 పథకంలో ఏడాదికి 3 సిలిండర్లు ఉచితంగా ఇస్తున్నారు, మంచిదే. కానీ పెద్ద కుటుంబానికి ఒక్కో సిలిండరులో ఉండే 14.2 కిలోలు ఎన్నాళ్లు వస్తాయి? స్నానానికి నీళ్లు, ఎద్దులకు ఉలవలు ఉడకబెట్టడం అన్నీ పొయ్యి మీదే. అందుకే పొయ్యిని వంటగదిలోంచి పెరట్లోకి మార్చాం. గాలి ఆడుతుంది, పొగ బాధ చాలావరకు తగ్గింది.

మసిగుడ్డ:
పొయ్యి చోటు మారింది, సరే. దాని ముందు కూర్చునే మనిషి మారారా?

కావలి కుర్రాడు:
పెద్దల తగాదాలో చిన్న సందేహం. నేనుండే అద్దె గదిలో గ్యాసు కూడా లేదు, ఇండక్షన్ పొయ్యి ఒక్కటే. మట్టి దాక దాని మీద వేడెక్కడం లేదు. నాకు పులుసు యోగం లేనట్టేనా?

పెన్నాగట్టు:
ఇండక్షన్ పొయ్యి గిన్నె అడుగులోని ఇనుమునే వేడెక్కిస్తుంది తమ్ముడూ, మట్టికి అది పట్టదు. అయస్కాంతం అంటుకునే మందపాటి అడుగున్న స్టీలు గిన్నె తీసుకో. అల్యూమినియం గిన్నె మాత్రం వద్దు, ఇండక్షన్ మీద పనిచేయకపోవడం ఒక ఎత్తైతే చింతపండు పులుపు దాన్ని తినేస్తుంది కూడా. ముక్కలు పడ్డాక అన్నిటికన్నా తక్కువ వేడిలో ఉంచు. రాత్రి వండి, చల్లారాక ఫ్రిజ్‌లో పెట్టి, మరునాడు నెమ్మదిగా వేడి చేసుకుని తిను. పొయ్యి ఏదైనా ఈ నిలవ గుణం పోదు.

ఇక కనిగిరివాసి గారికి నా పందెం. ఒకే కొరమీను, ఒకే చింతపండు, ఒకే సైజు దాకలు రెండు. ఒకటి కట్టెల మీద, ఒకటి పెనం పెట్టి గ్యాసు మీద. మరునాడు కళ్లకు గంతలు కట్టి వడ్డిద్దాం. ఏది ఏదో తేల్చి చెప్పండి చూద్దాం.

కనిగిరివాసి:
సిద్ధం. కట్టె మాత్రం తుమ్మే ఉండాలి, జామాయిల్ పుల్లలు తెచ్చి పెడితే ఒప్పుకోను.

ఉలవపాడు తోట:
మామిడికాయలు నావి. పండు వైపు తిరిగినవి కాకుండా గట్టి పుల్లకాయలే తెస్తాను.

మసిగుడ్డ:
రుచి చూడటానికి నేనూ వస్తాను, ఒక షరతు మీద. కట్టెల పొయ్యి దాకకు మొదటి నుంచి చివరి వరకు కనిగిరివాసి గారే పని చేయాలి. కట్టె కొట్టడం, ఊదడం, చేప శుభ్రం చేయడం, చివర్లో పొయ్యి అలకడం. కొరమీను జిగురు పోవాలంటే బూడిదతో బాగా రుద్దాలి. ఆయన పొయ్యిలో దానికి కొదవేమీ ఉండదులెండి.