‘ఐ విల్’ ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు?

ప్రశ్న (గాజువాక నుంచి)
అందరికీ నమస్కారం. నేను డిగ్రీ దాకా తెలుగు మీడియంలో చదివాను. కిందటి వారం ఒక ఇంటర్వ్యూలో దినచర్య చెప్పమంటే, ‘ఎవ్రీ డే ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్, దెన్ ఐ విల్ హెల్ప్ మై మదర్’ అన్నాను. ఎదురుగా ఉన్నావిడ ‘ఇప్పుడు చేస్తున్నారా, ఇకముందు చేస్తారా?’ అని తిరిగి అడిగేసరికి నాకు నోట మాట రాలేదు. బడిలో భవిష్యత్ కాలానికి ‘షల్’, ‘విల్’ అని నేర్పారు. బయట మాత్రం ‘గోయింగ్ టు’ అనీ, ‘ఈజ్ కమింగ్ టుమారో’ అనీ వింటున్నాను. ఏది ఎప్పుడు వాడాలో దయచేసి వివరించగలరు.

జవాబు (ఎంవీపీ కాలనీ, ఇంగ్లీషు టీచరుగా పనిచేసి రిటైరయ్యాను)
అమ్మా, ఈ పొరపాటు మన తెలుగులోంచి వచ్చింది. ‘రోజూ ఐదింటికి లేస్తాను’, ‘రేపు ఐదింటికి లేస్తాను’ అన్న రెండు వాక్యాల్లోనూ క్రియ ఒక్కటే. ఇంగ్లీషులో అలవాటుకు ‘ఐ గెట్ అప్’ అనే అనాలి. ముప్పై ఏళ్లు పాఠం చెప్పిన నాకు, పిల్లల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించిన తప్పు ఇదే.

ఇంగ్లీషు క్రియకు ‘వర్క్డ్’ అని గతకాలపు రూపం ఉన్నట్టు భవిష్యత్తుకు సొంత రూపం లేదు కాబట్టి వేరే మాటల సాయం తీసుకుంటుంది. ‘విల్’కు పూర్వం కోరుకోవడమని అర్థం. అందుకే అప్పటికప్పుడు అనుకున్న పనికీ, మాట ఇవ్వడానికీ అది సరిపోతుంది. ఫోను మోగగానే ‘నేను తీస్తాను’ అంటూ లేస్తే అది ‘ఐ విల్ గెట్ ఇట్’. ముందే నిశ్చయించుకున్న పనికైనా, కళ్లెదుట ఆనవాలు కనిపిస్తున్న దానికైనా ‘గోయింగ్ టు’ వాడాలి. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద నల్లటి మబ్బు కమ్మితే మనం ‘వాన వచ్చేలా ఉంది’ అంటాం చూడండి, అదే ‘ఇట్స్ గోయింగ్ టు రెయిన్’. ఇక టికెట్టు తీసుకుని, అన్నీ కుదిరాక ‘అన్నయ్య రేపు వస్తున్నాడు’ అంటాం. ఇంగ్లీషులోనూ అంతే, ‘మై బ్రదర్ ఈజ్ కమింగ్ టుమారో’.

జవాబు (పోర్టు ప్రాంతంలో క్లియరింగ్ ఆఫీసు ఉద్యోగి)
మేడమ్ గారి మాటకు రెండు విషయాలు చేరుస్తాను. టైంటేబుల్ ప్రకారం జరిగేదానికి మామూలు వర్తమానం చాలు: ‘గోదావరి ఎక్స్‌ప్రెస్ లీవ్స్ దిస్ ఈవెనింగ్’. రెండోది, చేరిన కొత్తలో నేను ‘వెన్ ద షిప్ విల్ అరైవ్, ఐ విల్ కాల్ యు’ అని మెయిళ్లు రాసేవాణ్ని. మా పైఅధికారి ప్రతిసారీ మొదటి ‘విల్’ కొట్టేసి ‘అరైవ్స్’ అని దిద్దేవారు. ‘ఓడ రాగానే ఫోన్ చేస్తాను’ అన్నప్పుడు మనం కూడా ‘రాగానే’ అని ఊరుకుంటాం కదా. అయితే ‘ఓడ ఎప్పుడు వస్తుందో తెలియదు’ అనేటప్పుడు మాత్రం ‘ఐ డోంట్ నో వెన్ ద షిప్ విల్ అరైవ్’ అన్నదే సరైనది, ఎందుకంటే అక్కడ ‘వెన్’ అంటే ‘ఎప్పుడు’ అనే ప్రశ్న.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి ‘షల్’ సంగతేమిటి? ఈ వాక్యం కూడా చూడగలరా: ‘ఐ యామ్ అటెండింగ్ అనదర్ ఇంటర్వ్యూ ఆన్ మండే. ఇఫ్ ఐ విల్ గెట్ ద జాబ్, ఐ విల్ టెల్ యు ఆల్.’

జవాబు (ఎంవీపీ కాలనీ)
‘ఐ’, ‘వి’లకు ‘షల్’, తక్కినవాటికి ‘విల్’ అన్న సూత్రం 1653లో జాన్ వాలిస్ లాటిన్‌లో రాసిన ఇంగ్లీషు వ్యాకరణంలోనే ఉంది. ఇప్పటి మాటల్లో దాన్ని పట్టుకుని కూర్చోనక్కర్లేదు. ‘కిటికీ తెరవమంటారా?’ అనడానికి ‘షల్ ఐ ఓపెన్ ద విండో?’, ‘వెళ్దామా?’ అనడానికి ‘షల్ వి గో?’ వస్తే మీకు చాలు. మీ మొదటి వాక్యం చక్కగా ఉంది. రెండోదాంట్లో ‘ఉద్యోగం వస్తే’ అంటున్నారు కాబట్టి ‘ఇఫ్ ఐ గెట్ ద జాబ్’ అని రాయండి. చివరి ‘ఐ విల్ టెల్ యు ఆల్’ మాకు ఇస్తున్న మాట, దాన్ని అలాగే ఉంచండి. సోమవారం సాయంత్రం ఇక్కడే ఎదురుచూస్తుంటాను.