“నీకు తెలుగు వచ్చా?” పిల్లలకు ముందు ఏ వాక్యం నేర్పాలి?

సీతమ్మధార నుంచి:
మా బడిలో మూడు, నాలుగు తరగతుల పిల్లలకు భాషల గురించి అడగడం, చెప్పడం నేర్పాలి. నేవీ, స్టీల్‌ప్లాంట్ ఉద్యోగాల మీద విశాఖ వచ్చిన కుటుంబాలు ఎక్కువ. హిందీ, ఒడియా, బెంగాలీ మాట్లాడే ఇళ్ళ పిల్లలు సగం దాకా ఉంటారు. “నేను తెలుగు వచ్చు”, “నువ్వు హిందీ వస్తావా?”, “వచ్చు లేదు” ఇలా వస్తున్నాయి వాక్యాలు. “మాట్లాడతాను”తో మొదలుపెట్టాలా, “వచ్చు”తోనా?

గాజువాక నుంచి:
“వచ్చు”తోనే, మాస్టారూ. “మాట్లాడతాను” పట్టుకుంటే మాట్లాడతావు, మాట్లాడతాడు, మాట్లాడుతుంది, మాట్లాడతారు అని మనిషికో రూపం. “వచ్చు” ఎవరికైనా ఒకటే, “రాదు” కూడా అంతే. మారేది ముందున్న మాట: నాకు, నీకు, మీకు, వాడికి, ఆమెకి, వాళ్ళకి. తప్పంతా అక్కడే జరుగుతోంది. ఇక్కడ వచ్చేది భాష, మనిషి కాదు. అందుకే మనిషికి “కు” గానీ “కి” గానీ తగలాలి. “నేను” అని మొదలుపెట్టిన పిల్లాణ్ణి మధ్యలో ఆపకండి. వాడు ముగించాక “ఓహో, నీకు తెలుగు వచ్చా?” అని సరైన రూపంలో తిరిగి అడగండి. “ఆ, నాకు వచ్చు” అని వాడే దిద్దుకుంటాడు.

“వచ్చు లేదు” హిందీ అలవాటు. దానికి సూత్రం చెప్పడం దండగ. వచ్చు–రాదు జంటగా అట్టముక్కల మీద రాసి, ఒకటి చూపగానే రెండోది చెప్పించండి.

ఒక చిక్కుంది. “బడికి వచ్చా” అంటే నేను వచ్చాను అని. “తెలుగు వచ్చా?” అంటే వేరు, అది వచ్చు మీద ప్రశ్న. పెద్దవాళ్ళం “తెలుగొచ్చా?” అని కలిపేసి, “నీకు” మింగేస్తాం. నేర్చుకునే పిల్లలకు అది చిక్కుముడి లాంటిది, ఏ “వచ్చా”నో తేలదు. మొదటి రెండు వారాలు “నీకు”, “మీకు” వదలకుండా అనిపించండి. “రేపు వాన రావచ్చు” లాంటివి ఆ పాఠంలోకి రానివ్వకండి, అది మరో రోజు సంగతి.

పెందుర్తి నుంచి:
మరి “మాట్లాడతాను” ఎప్పుడు? నా లెక్కలో రెండూ పక్కపక్కనే పెట్టాలి. “మా నానమ్మకి ఒడియా వచ్చు, కానీ ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది.” ఒకటి చేతనవడం, ఒకటి అలవాటు. ఈ ఒక్క వాక్యం అర్థమైతే మిగతాది ఎక్కుతుంది. “తెలుసు” మాత్రం వద్దు.

గాజువాక నుంచి:
“నాకు హిందీ తెలుసు” అని జనం అంటున్నారు కదా, తప్పనలేం. కాకపోతే సవర అనే కొండప్రాంతపు భాష గురించి “సవర తెలుసా?” అంటే పేరు విన్నావా అనే అర్థం కూడా వస్తుంది. నేర్పేటప్పుడు “వచ్చు” ఖాయం చేసుకుని, “తెలుసు” వినబడితే ఊరుకోండి.

మధురవాడ నుంచి:
వ్యాకరణం సరే, మర్యాద కూడా నేర్పండి. “నీకు తెలుగు రాదా?” అంటే ప్రశ్నలా ఉండదు, దెప్పినట్టుంటుంది. కొత్తగా చేరిన పిల్లని అలా అడిగితే మర్నాటి నుంచి నోరు విప్పదు. పెద్దవాళ్ళని “మీకు తెలుగు వచ్చాండీ?” అని, తోటివాళ్ళని “మీ ఇంట్లో ఏ భాష మాట్లాడుకుంటారు?” అని అడగమనండి. ఆ “కుంటారు” ముఖ్యం, ఒకరితో ఒకరు అని. “నీ మాతృభాష ఏది?” అంటే చాలామంది పిల్లలు బడి భాషో, హిందీయో చెప్పేస్తారు. అమ్మది ఒకటి, నాన్నది ఒకటి అయిన ఇల్లైతే అసలు జవాబే ఉండదు. అన్నట్టు, “అరవం” అనే మాట ఇంట్లో విని వస్తారు. అది కొందరికి చిన్నచూపుగా తోస్తుంది, తమిళం అనిపించండి.

తర్వాత లెక్క ఆట ఆడించండి, ఇరవై నిమిషాలు చాలు. కాగితం మీద నాలుగు గళ్ళు: వింటే అర్థమవుతుంది, మాట్లాడటం వచ్చు, చదవడం వచ్చు, రాయడం వచ్చు. ఒక్కొక్కరు నలుగురిని అడిగి టిక్కు పెట్టాలి. ఒకే గడి ఉంటే “కొంచెం వచ్చు” అనే పిల్లలు “రాదు” అనేస్తారు. నాలుగుంటే ఏదో ఒక దాంట్లో టిక్కు పడుతుంది. చివర్లో బోర్డు మీద కూడాలి: ఇద్దరికి ఒడియా వచ్చు, అయిదుగురికి హిందీ వచ్చు. ఇక్కడ “మూడు పిల్లలకి” అని జారతారు. ఏడుగురి దాకా ముగ్గురు, నలుగురు అని వెళ్ళి, ఎనిమిది నుంచి మంది: ఎనిమిదిమందికి, పదిమందికి. భాషలకు మాత్రం మామూలు అంకెలే, మూడు భాషలు.

అరకు నుంచి:
కొండ మీద నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండే పిల్లలుంటే ఇంకో జాగ్రత్త. కువి, కుబి, గదబ, ఆదివాసీ ఒడియా అని చెబుతారు. “అది భాష కాదు, యాస” అనకూడదు. కువి, కుబి ద్రావిడ భాషలే, అందులోనూ తెలుగు ఉన్న శాఖలోనివే. కుబికి భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి 1969లో వ్యాకరణం వేశారు. సవర వేరే, అది ముండా అనే మరో భాషా కుటుంబం. గిడుగు రామమూర్తి దాని వ్యాకరణాన్ని 1931లో తెచ్చారు. గదబ అని చెబితే అక్కడే ఆగకండి. ఆ పేరున్న వాళ్ళలో గుతోబ్ మాట్లాడేవాళ్ళది ముండా, ఒల్లారి మాట్లాడేవాళ్ళది ద్రావిడం. “మీ ఇంట్లో నీళ్ళని ఏమంటారు?” అని అడిగి బోర్డు మీద తెలుగు లిపిలో రాయండి. రాయడం వచ్చు అనే గడిలో ఆ పిల్లలూ టిక్కు పెట్టుకోవచ్చు.

సీతమ్మధార నుంచి:
గళ్ళ కాగితం రేపే తయారు చేస్తాను. ఒక్క అనుమానం: ఒరియా రాయాలా, ఒడియా రాయాలా?

పెందుర్తి నుంచి:
ఒడియా. 2011లో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోనే ఆ పేరు మార్చారు. నోట ఒరియా వస్తే దిద్దక్కర్లేదు, శ్రీకాకుళం వైపు పెద్దవాళ్ళంతా అలాగే అంటారు.