కొత్త మానిటర్ పెట్టాక స్పీకర్లు మోగడం లేదు

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఇంట్లో పాత మానిటర్ పోతే కొత్తది కొని హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపాం. అప్పట్నుంచి స్పీకర్లలో చిన్న చప్పుడు కూడా లేదు. విండోస్ 11. స్పీకర్ల లైటు వెలుగుతోంది, ఫోన్‌కి పెడితే చక్కగా మోగుతున్నాయి. సౌండ్ సెట్టింగ్స్‌లో వాల్యూమ్ గీత కూడా కదులుతోంది. నాన్నగారు రోజూ సాయంత్రం భాగవత ప్రవచనం ఇందులోనే వింటారు. ఫోన్‌లో ఆయనకి సరిగా వినపడదు. కాస్త సాయం చేయండి.

మొదటి జవాబు:
గీత కదులుతోందంటే విండోస్ శబ్దాన్ని ఎటో పంపుతూనే ఉందండీ, టెన్షన్ పడకండి. హెచ్‌డీఎంఐ బొమ్మతో పాటు శబ్దాన్నీ మోస్తుంది. మానిటర్‌లో స్పీకర్లు లేకపోయినా విండోస్ ఒక్కోసారి శబ్దాన్ని దానికే పంపేస్తుంది. కింద కుడి మూలన స్పీకర్ గుర్తు నొక్కి, వాల్యూమ్ పట్టీ పక్కనున్న గుర్తు నొక్కండి. పరికరాల పేర్లు వస్తాయి. మానిటర్ పేరు కాకుండా 'స్పీకర్స్' అని ఉన్నది ఎంచుకోండి. డ్రైవర్ (సౌండ్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) జోలికి ఇప్పుడే వెళ్ళొద్దు.

రెండో జవాబు:
పిన్ను కేబినెట్ వెనక ఆకుపచ్చ రంధ్రంలోనే ఉందా? గులాబీ రంగుది మైకుది. మానిటర్ మార్చేటప్పుడు వైర్లు కదులుతాయి, అదీ చూడండి.

ప్రశ్న అడిగినవారు:
పిన్ను ఆకుపచ్చలోనే ఉంది. స్పీకర్స్ ఎంచుకోగానే మోగింది, చాలా థాంక్సండీ! కానీ మానిటర్ ఆపి మళ్ళీ వేస్తే మొదటికొస్తోంది.

మొదటి జవాబు ఇచ్చినవారు:
సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో సౌండ్. అక్కడ మానిటర్ పేరు మీద నొక్కి 'డోంట్ అలౌ' కొట్టండి. ఇక శబ్దం అటు వెళ్ళదు, బొమ్మకేం కాదు.