రైఫిల్ బోల్టు నంబరు కలవలేదు, కొత్త నంబరు పంచ్ కొట్టించాలా వదిలేయాలా?

డల్లాస్ రాజు:
మొన్న గన్ షోలో ఇషాపూర్ ఫ్యాక్టరీ త్రీనాట్‌త్రీ (.303) రైఫిల్ తీసుకున్నాను. సాకెట్ (వెనక చెక్క బిగించే ఇనుప భాగం) మీద కిరీటం, జీఆర్ఐ (జార్జ్ చక్రవర్తి గుర్తు), ఇషాపూర్, 1942. ముందు చెక్కకు రాగి తీగ చుట్టి ఉంది. రిసీవర్ (రైఫిల్ అసలు బాడీ), బ్యారెల్, నోస్‌క్యాప్ (ముందు కొస ఇనుప తొడుగు) నంబర్లు ఒకటే. బోల్టు (తూటాను లోపలికి తోసి మూసే కడ్డీ) పిడి వెనక మాత్రం పాత నంబరును గీతతో కొట్టేసి పక్కన ఇంకోటి వేశారు. రెండూ నా రైఫిల్‌వి కావు. తెలిసిన గన్‌స్మిత్ నా నంబరు పంచ్ చేసిస్తానంటున్నాడు. ఏమంటారు?

పాత ఇనుము:
కొట్టించకండి. ఆ గీత వేసింది ఆయుధాగారంలో ఆర్మరర్. బోల్టును ఇంకో రైఫిల్‌కి అమర్చి, పాత నంబరు కొట్టేసి, కొత్తది వేశాడు. తర్వాత ఎక్కడో మళ్ళీ చేతులు మారి మీ దాంట్లోకి వచ్చింది. అది దాని సర్వీసు చరిత్ర, దాన్ని మీరెందుకు చెరపడం?

ఓరుగల్లు:
రాగి తీగ ఉందంటే గ్రెనేడ్ విసరడానికి బిగించిన రైఫిల్. బోల్టూ దానిది కాదు. హెడ్‌స్పేస్ (బోల్టు మూశాక తూటా వెనక మిగిలే సందు, ఎక్కువుంటే ప్రమాదం) గేజ్ పెట్టి చూశారా?

డల్లాస్ రాజు:
అన్నా, నేనడిగింది నంబరు సంగతి.

నల్లకుంట:
దీంట్లో 7.62 గుండు పడుతుందా?

పాత ఇనుము:
పొరపాటున కూడా వేయకండి. 7.62 పడేది టూఏవన్ అనే వేరే రైఫిల్‌లో. దాన్ని 1960ల్లో ఇషాపూర్‌లోనే 7.62 కోసం విడిగా చేశారు. చూడ్డానికి అన్నదమ్ముల్లా ఉంటాయంతే.

సత్యం:
నేను చేతులు కాల్చుకున్నవాణ్ణి, వినండి. ‘ఆల్ మ్యాచింగ్’ (అన్ని భాగాల నంబర్లూ ఒకటే) అన్నారని మూడొందల డాలర్లు ఎక్కువ పోశాను. ఇంటికొచ్చి భూతద్దం పెడితే బోల్టు నిండా తుప్పు గుంటలు, అంకెలు మాత్రం ఆ గుంటల మీదుగా నున్నగా దిగి ఉన్నాయి. అంచు గోరుకి గరుగ్గా తగులుతోంది. తుప్పు పట్టాక కొట్టిన నంబరది. దొంగబండికి ఛాసిస్ నంబరు కొట్టినట్టే. రాజు గారూ, మీరూ అదే చేయబోతున్నారు.

డల్లాస్ రాజు:
దొంగబండి అంటారేంటండీ? రిసీవర్ నంబరు ముట్టుకుంటే నేరమని నాకూ తెలుసు. బోల్టు అలా కాదు. పైగా నేను అమ్మేవాణ్ణి కాదు.

సత్యం:
మీరు అమ్మరు. మీ తర్వాత మీ పిల్లలు అమ్ముతారు. కొనేది నాలాంటివాడు.

కూకట్‌పల్లి కుర్రోడు:
ఇక్కడ ఇండియాలో మాకా బాధే లేదు. .303 ప్రొహిబిటెడ్ బోర్, మామూలు జనానికి లైసెన్సు ఇవ్వరు. .315తో సరిపెట్టుకోవాల్సిందే 🙂

పాత ఇనుము:
సత్యం గారి కేసు మోసం. రాజు గారిది మోసం కాదు, అయినా తప్పే. ఫ్యాక్టరీ రిపేర్ అయిన రైఫిళ్ళకి ఎఫ్ఆర్ అని కొట్టేవారు. వాటిలో సగం భాగాలు మారి ఉంటాయి. అవన్నీ నకిలీలా?

సత్యం:
నేను నకిలీ అన్నానా? మీరు ప్రతిదానికీ ఎఫ్ఆర్ పట్టుకొస్తారు. మీరు అమ్మేవాటిలో ఎన్నింటికి బోల్టులు కలిశాయి?

పాత ఇనుము:
అమ్మిన ప్రతిదానికీ ‘నంబరు కలవదు’ అని రాసే ఇచ్చాను. మాట జారకండి.

డల్లాస్ రాజు:
ఇక చెప్తాను. మా నాన్న ఏఆర్ (పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్) కానిస్టేబుల్. ఇరవయ్యేళ్ళకు పైగా త్రీనాట్‌త్రీ మోశారు. తన రైఫిల్ నంబరు ఇప్పటికీ నిద్రలో లేపినా చెప్తారు. వేసవికి ఇక్కడికి వస్తున్నారు. ఆయన చేతిలో పెట్టేది పనికిరాని ముక్కలు అతికించినట్టు ఉండకూడదు. మీకు అది సరుకు, నాకు కాదు.

పాత ఇనుము:
ఇది ముందే చెప్పాల్సింది తమ్ముడూ. సరే, ఒక్క పని చెయ్యి. పంచ్ కొట్టించే ముందు నాన్నగారినే అడుగు.

డల్లాస్ రాజు:
రాత్రి ఫోన్ చేశాను. బెల్ ఆఫ్ ఆర్మ్స్‌లో (పోలీసు తుపాకులు భద్రపరిచే గది) బోల్టులు తీసి విడిగా పెట్టేవాళ్ళట. డ్యూటీకి వెళ్ళేటప్పుడు నంబరు చూసి తీసుకోవాలి, తప్పు బోల్టు పెడితే హెడ్ కానిస్టేబుల్ తిట్టేవాడట. అంటే కలవాలనే కదా!

పాత ఇనుము:
కలవాలి. కలపాల్సింది ఆర్మరర్. నువ్వూ కాదు, నీ గన్‌స్మిత్తూ కాదు.

సత్యం:
కలవని బోల్టు చూసి నాన్నగారు ఏమన్నారు?

డల్లాస్ రాజు:
ఫొటో పంపాను. “ఎవడ్రా ఈ బోల్టు మార్చింది?” అన్నారు. నవ్వుతూనే.

ఓరుగల్లు:
ఇంతకీ గేజ్ పెట్టించారా లేదా?

డల్లాస్ రాజు:
లేదన్నా. శనివారం.