సీటీఎక్స్ రెండు వారాల్లో 720 నుంచి 410కి పడింది, బిళ్ళలు పనిచేసినట్టేనా?

ప్రశ్న
అందరికీ నమస్తే. నాకు 54, పీరియడ్స్ ఆగి మూడేళ్ళు దాటింది. నడుము నొప్పని వెళ్తే ఎముక సాంద్రత చూసే డెక్సా స్కాన్ తీశారు, వెన్నెముక దగ్గర టీ స్కోర్ (వయసులో ఉన్నవాళ్ళ ఎముకతో పోల్చి ఇచ్చే అంకె) మైనస్ 1.9, ఆస్టియోపీనియా, అంటే ఎముక కాస్త పలచబడింది అన్నారు. సీటీఎక్స్ అని, ఎముక ఎంత కరుగుతోందో చూపే రక్తపరీక్ష కూడా రాశారు, పొద్దున్నే పరగడుపున ఇస్తే 720 వచ్చింది. భయమేసి ఆ రోజు నుంచే కాల్షియం, డి విటమిన్ మొదలెట్టా. ఆగలేక రెండు వారాలకి నేనే వెళ్ళి అదే ల్యాబ్‌లో మళ్ళీ చేయించుకున్నా, ఈసారి టిఫిన్ చేసి పదకొండున్నరకి ఇచ్చా, 410. అంటే తగ్గినట్టేగా? ఇంకో డౌట్, రక్తంలో కాల్షియం 9.4, నార్మలే. మరి ఎముక ఎందుకు అరుగుతోంది? మా ఆయనేమో "అన్నీ నార్మలే కదా, నీదంతా అనుమానం" అంటారు.

రిప్లై 1
అక్కా, ఆ 410 చూసి సంబరపడకండి. నేను ల్యాబ్‌లోనే పనిచేస్తా. సీటీఎక్స్ తెల్లవారుజామున బాగా ఎక్కువుంటుంది, మధ్యాహ్నానికి పడిపోతుంది, పైగా తిన్నాక ఇస్తే ఇంకా తగ్గుతుంది, కాబట్టి మీ రెండు నంబర్లకీ అసలు పోలికే లేదు. మళ్ళీ చేయిస్తే అదే టైముకి, పరగడుపునే, అదే ల్యాబ్‌లో ఇవ్వండి. పీ1ఎన్‌పీ అని ఇంకోటుంది, సీటీఎక్స్ ఎముక కరగడం చూపిస్తే ఇది కొత్త ఎముక కట్టడం చూపిస్తుంది, తిండితో పెద్దగా మారదు. 2011లో అంతర్జాతీయ ఆస్టియోపోరోసిస్ ఫౌండేషన్ వాళ్ళు, క్లినికల్ కెమిస్ట్రీ ఫెడరేషన్ వాళ్ళు కలిసి రిఫరెన్స్ మార్కర్లుగా, అంటే అందరూ ప్రామాణికంగా చూసే పరీక్షలుగా పెట్టుకోమన్నది ఈ రెండింటినే. ఈమధ్య ఎక్కడైనా ఎముక విరిగిందా? విరిగితే నెలల తరబడి ఇవి ఎక్కువే చూపిస్తాయి. కిడ్నీ సరిగ్గా లేకపోయినా సీటీఎక్స్ పెరుగుతుంది, క్రియాటినిన్ చూసుకోండి.

రిప్లై 2
కాల్షియం సంగతి నేను చెప్తా, నాకు 61, ఇదే ప్రశ్న మా డాక్టర్ని అడిగి తిట్లు తిన్నా. రక్తంలో కాల్షియం తగ్గితే గుండె, కండరాలు, నరాలు ఇబ్బందిపడతాయి కాబట్టి ఒళ్ళు దాన్ని తగ్గనివ్వదమ్మా, తగ్గబోతే పారాథైరాయిడ్ హార్మోన్ పెరిగి ఎముకలోంచి లాగేస్తుంది. అందుకే ఎముక గుల్లవుతున్నా రిపోర్టులో కాల్షియం నార్మలే. మీ ఆయనకి ఈ మాట చెప్పండి 😀 మనకి ఈస్ట్రోజెన్ పోయాక ఎముకని తినే కణాలకి అడ్డు ఉండదు, కట్టేవి కడుతూనే ఉంటాయి గానీ అందుకోలేవు. ఇంకోటి, ఆస్టియోపోరోసిస్, అంటే ఎముక గుల్లబారే జబ్బు, ఉందా లేదా తేల్చేది స్కాన్, టీ స్కోర్ మైనస్ 2.5 కానీ అంతకంటే కింద కానీ వస్తే ఉన్నట్టు. సీటీఎక్స్ ఎముక ఎంత వేగంగా పోతోందో చెప్తుందంతే. నాకు వారానికోసారి వేసుకునే అలెండ్రోనేట్ (ఎముక కరగడాన్ని తగ్గించే మందు) మొదలెట్టిన మూడు నెలలకే సీటీఎక్స్ సగానికి పైగా పడింది, స్కాన్‌లో తేడా కనపడ్డానికి మాత్రం రెండేళ్ళు పట్టింది. బిళ్ళ సరిగ్గా వేసుకుంటున్నానా లేదా అన్నది కూడా సీటీఎక్స్‌తోనే పట్టేశారు, మధ్యలో ఒక నెల మానేశాలెండి.

రిప్లై 3
జుట్టుకి బయోటిన్ ఏమైనా వాడుతున్నారా అండీ? పెద్ద డోసు అయితే కొన్ని మెషీన్లలో సీటీఎక్స్, పారాథైరాయిడ్ హార్మోన్ రెండూ ఉన్నదానికంటే తక్కువ చూపిస్తాయి.

ప్రశ్న అడిగినవారు
అయ్యో, వాడుతున్నానండీ! ఇప్పుడే డబ్బా తీసి చూశా, 10 మిల్లీగ్రాములట, మొదటి టెస్ట్ అయిన మర్నాడే మొదలెట్టా, కాల్షియం కొనేటప్పుడు చేత్తో అదీ తెచ్చుకున్నా. ఫ్రాక్చర్లేం లేవు, క్రియాటినిన్ 0.8. ఎన్ని రోజులు ఆపి ఇవ్వాలి?

రిప్లై 1
ఆ డోసుకి కనీసం రెండు మూడు రోజులు, మీ ల్యాబ్ వాళ్ళనీ ఒకసారి అడగండి. కానీ ఇప్పుడే పరిగెత్తకండక్కా, డాక్టర్ మందు మొదలెడితే దానికి ముందు ఒకటి, మూడు నెలలకి ఒకటి చాలు. ఈసారి ఒంట్లో డి విటమిన్ ఎంతుందో చూసే 25 హైడ్రాక్సీ విటమిన్ డి పరీక్ష కూడా కలిపి రాయించుకోండి, మీ రిపోర్టులో అది కనపళ్ళేదు.